పెట్టె అడుగున ఏమీ లేదు

లా కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలని ఎల్వుడ్ క్రైడర్ నిర్ణయించుకున్న రోజున అతని చేతిలో ఉన్న సరుకు పెద్దదేం కాదు. పెన్సిల్వేనియాలో రోడ్డు వారగా ఒక పాత పశువుల కొట్టం, దాన్నిండా చచ్చిపోయినవాళ్ళ సామాను, ఎత్తు ఎక్కమంటే మొరాయించే ఒక ట్రక్కు, పగటి వెలుతురులో ఎవరికీ చూపించుకోలేని డిగ్రీ మార్కులు, వెర్నా అనే అక్క. వీటికి తోడు, మూసిన పెట్టె అడుగున ఏముందో పైనుంచే పసిగట్టే కన్ను. వయసు యాభై ఒకటి. దాన్ని అతను లాభం కిందా వేయలేదు, నష్టం కిందా వేయలేదు.

ఈ వయసులో లా చదవడమేమిటని అడిగినవాళ్ళకి అతను చెప్పే లెక్క సూటిగా ఉండేది. ఆ చుట్టుపక్కల ఎవరైనా పోతే ఇంటికి మొదట పాస్టరు వస్తాడు. తర్వాత లాయరు. తర్వాత బంధువులు వచ్చి కుర్చీలు లెక్కపెడతారు. ఆ తర్వాత వాకిట్లో వేలంపాట. అందరూ అయ్యాక, ఎవరికీ అక్కర్లేనివి కొనుక్కోవడానికి ఎల్వుడ్ వస్తాడు. అతను వచ్చేసరికి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి ఉంటారు. వరసలో ముందుకు జరగాలని అతని కోరిక.

ఆ కోరికకి ఒక గడియారం కారణం. ల్యాండిస్ వాళ్ళ ముసలావిడ పోతూ పోతూ, గోడగడియారం "నన్ను అందరికన్నా బాగా చూసుకున్న బిడ్డకి" అని విల్లులో సొంత దస్తూరీతో రాసి పెట్టింది. ఆవిడకి ముగ్గురు పిల్లలు. ముగ్గురూ తామే అన్నారు. రెండేళ్ళు కొట్టుకుని, చివరికి ఎవరికీ దక్కకుండా వేలంలో పెట్టారు. ఆ గడియారం ఇప్పుడు ఎల్వుడ్ కొట్లో, తలుపు పక్కన కొట్టుకుంటోంది. అది గంట కొట్టినప్పుడల్లా అతనికి ఒకటే తోచేది. ఆవిడ కాగితం మీద కలం పెట్టిన రోజున తను పక్కనుంటే, "పేరు చెప్పండమ్మా" అని ఒక్క మాట అనేవాడు. ముగ్గురు పిల్లలు ఇవాళ కలిసి భోంచేస్తూ ఉండేవాళ్ళు. గడియారం మాత్రం తన చేతికి వచ్చేది కాదు. ఆ నష్టం భరించడానికి అతను సిద్ధం.

పట్నంలో ఒక లా కాలేజీ ఉంది. పగలు పనిచేసుకునేవాళ్ళ కోసం జనవరిలో సాయంత్రం తరగతి మొదలుపెడుతుంది. ప్రవేశాల ఆఫీసులో కూర్చునే ఆవిడ అతని పాత మార్కులు చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. వీటి గురించి ఎవరూ ఏమీ చేయలేరనీ, ప్రవేశ పరీక్షలో నూట యాభై ఐదు తెస్తే మాత్రం వీటిని పక్కన పెట్టి మాట్లాడుకోవచ్చనీ మర్యాదగా చెప్పింది. పరీక్ష సెప్టెంబరులో. ఈ ఏడాది తప్పితే ఇక లేదని ఎల్వుడ్‌కి తెలుసు, ఎందుకంటే కొట్టు చూసుకునేది వెర్నా. అక్టోబరులో ఆవిడ చర్చి ఆడవాళ్ళతో ఫ్లోరిడా బస్సెక్కుతుంది. ప్రతి ఏటా వెళ్ళి వసంతంలో తిరిగొచ్చేది. ఈసారి అక్కడ స్నేహితురాలితో కలిసి ఇల్లు తీసుకుంది, ఇక తిరిగి రాదు.

"ఒక్క ఎండాకాలం చూస్తానురా. ఈలోగా నువ్వు లాయరువైనా సరే, కాకపోయినా సరే, బస్సెక్కే ముందు తాళంచెవులు నీ చేతిలో పడేస్తా" అంది వెర్నా.

"పరీక్ష రాస్తేనే లాయరు అయిపోరక్కా. ఆ తర్వాత నాలుగేళ్ళు చదవాలి."

"అది ముందే చెప్పొద్దూ. పద, ఆ కుర్చీలు లోపల పెట్టు."

మొదట ఊరికే చూద్దామని ఒక పాత ప్రశ్నపత్రం తెచ్చుకుని, కౌంటరు వెనక కూర్చుని రాశాడు. నూట నలభై ఒకటి వచ్చింది. పూర్తి మార్కులు నూట ఎనభై అని చదివి ఒక పూటంతా సంతోషంగా ఉన్నాడు. ఆ పరీక్షలో లెక్క నూట ఇరవై నుంచి మొదలవుతుందనీ, పేరు రాసి కునుకు తీసినవాడికి కూడా అది ఇచ్చేస్తారనీ సాయంత్రం తెలిసింది. అంటే అతను సంపాదించింది ఇరవై ఒకటి.

అప్పుడతను వ్యాపారస్తుడు చేసే పనే చేశాడు. పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర ఆ పరీక్షకి సంబంధించిన పుస్తకాలన్నీ ఒకే మొత్తంగా బేరమాడి ట్రక్కులో వేసుకొచ్చాడు. ఒకటయ్యాక ఒకటి ప్రశ్నపత్రాలు రాసుకుంటూ పోయాడు. సరుకు ఎంత తిరిగితే లాభం అంత అని అతని అనుభవం. పొద్దున ఒక పత్రం, కొట్టు కట్టేశాక ఒక పత్రం. తప్పులు చూసి "అరె" అనుకోవడం, పేజీ తిప్పడం. మే నెల అయిపోయింది. మార్కు నూట నలభై రెండు దగ్గర ఆగింది. దాని పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నట్టు అక్కడి నుంచి కదల్లేదు.

జూన్‌లో జొనీస్ పెటిఫోర్డ్ అనే అమ్మాయి బల్ల కొనడానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, స్కూలు బస్సు నడుపుతుంది. బడికి సెలవులు కాబట్టి బస్సుకీ సెలవులు. ఆమె బల్ల పైభాగం చూడనే లేదు, వంగి కాళ్ళు చూసింది, కుదిపింది, ఒక కాలు పొట్టిదని చెప్పింది. అది నేల వంకరని ఎల్వుడ్ అన్నాడు. ఇద్దరూ బల్లని ఇంకోచోటికి జరిపారు. కాలు పొట్టిదే. దేనికి బల్ల అని అడిగితే లా కాలేజీ పరీక్షకి చదువుకోవడానికని చెప్పింది. నిరుడు ఒకసారి రాసిందట, కావలసిన కాలేజీకి కొద్దిలో తప్పిందట.

ఎల్వుడ్ బేరం ఆపేశాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో అతను బేరం మధ్యలో ఆపడం చూడని వెర్నా, ఒంట్లో బాలేదేమోనని కౌంటరు వెనక నుంచి లేచి వచ్చింది.

ఒప్పందం ఇలా కుదిరింది. బల్ల ఊరికే ఇచ్చి, కాలు సరిచేసి, అతనే ట్రక్కులో దింపి వస్తాడు. బదులుగా ఎండాకాలం అయ్యేవరకు శనివారం పొద్దుటిపూటలు ఆమె కొట్టుకి వచ్చి అతనితో కలిసి చదువుతుంది. బల్ల తీసుకుని రాకుండా పోతే ఏం చేస్తావురా అని వెర్నా అడిగింది. బల్ల దింపినప్పుడే ఇల్లు చూసి వచ్చానన్నాడు ఎల్వుడ్.

జొనీస్ పద్ధతి అతనికి మొదటి రోజే నచ్చలేదు. ఆమె ఒక్క సెక్షనే తీసింది. ముప్ఫై ఐదు నిమిషాలు గడియారం పెట్టి ఇద్దరిచేతా రాయించింది. అనుమానం ఉన్న ప్రశ్నల పక్కన చిన్న చుక్క పెట్టమంది. టైమయ్యాక ఎల్వుడ్ జవాబుల పేజీ కోసం చెయ్యి చాస్తే పుస్తకం మూసేసింది. ఇప్పుడు గడియారం లేకుండా, చుక్క పెట్టిన ప్రతి ప్రశ్నా మళ్ళీ చెయ్యాలంది. సరైన జవాబు ఎందుకు సరైందో చెబితే చాలదు, మిగిలిన నాలుగూ ఎందుకు కావో ఒక్కొక్కదానికీ కారణం పైకి చెప్పాలి. అది కూడా అయ్యాక, అప్పుడు జవాబులు. ఆ ఒక్క సెక్షన్‌కే మధ్యాహ్న భోజనం వేళయింది.

"ఇలాగైతే పుస్తకాలన్నీ ఎప్పటికవుతాయి?" అన్నాడు ఎల్వుడ్.

"అవక్కర్లేదు."

"మరి కొన్నానే?"

"అమ్మేయండి. కొట్టేగా మీది."

సరైన జవాబు తెలిశాక చదివే కారణం, వస్తువు పగిలాక దానికి కట్టే ధరలాంటిదని ఆమె చెప్పింది. జవాబు తెలియకముందు మీరేమనుకున్నారో అదే మీ అసలు సరుకు. అది ఎక్కడ కుళ్ళిందో చూడాలి. ఈ మాట ఎల్వుడ్‌కి అర్థమైంది. పుస్తకాల మాట అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది.

కొట్లో మూలన ఒక పాత విత్తనాల బీరువా ఉండేది. ఎప్పుడో ఒక విత్తనాల దుకాణం మూసేస్తే కొన్నది. చేతి వెడల్పు సొరుగులు, ఒక్కోదానికీ ఇత్తడి పిడి. ఎవరూ కొనలేదు, ఎందుకంటే అది పట్టే ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. ఎల్వుడ్ తప్పయిన ప్రశ్నల్ని కత్తిరించి ఆ సొరుగుల్లో వేయడం మొదలుపెట్టాడు. తొందరలో చదివి పోగొట్టుకున్నవి ఒక సొరుగు. "కొన్ని" అని రాస్తే "అన్నీ" అని చదివినవి ఒక సొరుగు. సగం నిజమైన జవాబుని మొత్తం నిజమనుకుని కొన్నవి ఇంకోటి. జులై మధ్యకొచ్చేసరికి ఇవి దాదాపు ఖాళీగానే ఉండిపోయాయి. ఒక్క సొరుగు మాత్రం మూసుకోవడం మానేసింది. దాని మీద ముల్లంగి అని ఉన్న పాత చీటీ పీకి, జొనీస్ తన దస్తూరీతో "ఇంటి సామాను" అని రాసి అంటించింది.

అది ఎలా నిండిందో చెప్పడానికి ఒక ప్రశ్న చాలు. ఒక ఊళ్ళో పాత గడియారాలన్నీ వేలంలో అమ్ముడయ్యాయి. ఆ వేలంలో అమ్మిన ఏ వస్తువుకీ పూచీ ఇవ్వలేదు. దీన్ని బట్టి ఏది తప్పక నిజం? ఆ గడియారాల్లో దేనికీ పూచీ లేదని ఒక జవాబు. ఆ గడియారాల్లో కొన్ని పనిచేయవని ఇంకో జవాబు. ఎల్వుడ్ రెండోది పెట్టాడు.

"ఎందుకు?" అంది జొనీస్.

"పూచీ లేకుండా అమ్మాడంటే ఏదో దాస్తున్నాడు. అన్ని గడియారాల్లో ఒక్కటీ ఆగిపోయుండదా? నేను జీవితంలో చూళ్ళేదు."

"పనిచేయవని రాశారా?"

"రాయరు. ఎవరు రాస్తారు?"

"మరి మొదటిది ఎందుకు వద్దన్నారు?"

"మరీ తేలిగ్గా ఇచ్చేస్తున్నాడు. అంత తేలిగ్గా ఇచ్చేదాన్ని కొనకూడదు."

జొనీస్ పెన్సిలు కింద పెట్టింది. "ఎల్వుడ్ గారూ, ఇది వేలంలో పెట్టిన పెట్టె కాదు. దీని అడుగున ఏమీ లేదు. పైన కనపడేదే మొత్తం సరుకు. మీరు ఇంటి నుంచి సామాను తెచ్చి ఇందులో కలుపుతున్నారు, తర్వాత అది కనపడటంలేదని గొడవపడుతున్నారు."

ఎల్వుడ్‌కి ఇది మింగుడుపడలేదు. ఆ ప్రాంతపు వేలంపాటల్లో చిల్లర సామానంతా అట్టపెట్టెల్లో వేసి పెట్టెకింతని అమ్ముతారు. చేత్తో కెలకడం మర్యాద కాదు. పైన సీసా మూతలూ, పాత దువ్వెనలూ కనపడతాయి. అడుగున ఏముందో ఊహించినవాడే బతుకుతాడు. ఆ ఊహ మీదే అతను ఇల్లు కట్టాడు. తనకి అన్నం పెట్టిన గుణం సొరుగు నిండా తప్పులై కూర్చుందంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది. అయినా శనివారం శనివారం ఆ సొరుగు బయటికి లాగి, ఒక్కో కాగితం తీసి, ఇక్కడ రాసిందేమిటి, నేను తెచ్చిందేమిటి అని విడదీసి పైకి చెప్పడం నేర్చుకున్నాడు. వినడానికి వెర్నా ఉండేది.

"అంటే వాళ్ళు రాసిందే నమ్మి, ఇంకేమీ అనుకోకపోతే మార్కులిస్తారా?" అంది ఒకరోజు.

"అంతేనక్కా."

"ఇలాంటి పరీక్ష మీ బావకి పెట్టుంటే ఫస్టు వచ్చేవాడు."

ఆగస్టులో ఒక పూర్తి మాదిరి పరీక్ష, అసలుదానిలాగే నాలుగు సెక్షన్లతో, గ్రంథాలయంలో కంప్యూటరు మీద రాశారు. నాలుగింటిలో ఒకటి దండగ సెక్షన్. పరీక్ష పెట్టేవాళ్ళు కొత్త ప్రశ్నల్ని జనం మీద పరీక్షించుకోవడానికి కలుపుతారు, దానికి మార్కులుండవు. ఏది దండగదో ఎవరికీ చెప్పరు. ఈ సంగతి తెలిసిన రోజున ఎల్వుడ్ ముఖం వికసించింది. ఎండాకాలం మొత్తంలో అతనికి నచ్చిన నియమం ఇదొక్కటే. నాలుగు పెట్టెల్లో ఒకటి ఉత్త పెట్టె అంటే, ఎవరిని అడగాలో ఊరందరికీ తెలుసు.

జొనీస్ ఆ పరీక్షని తనే కూర్చింది కాబట్టి దండగది ఏదో ఆమెకి తెలుసు. ఎల్వుడ్‌కి పేరాలు చదివి జవాబు చెప్పే సెక్షన్లు రెండొచ్చాయి. లెక్కలోకొచ్చేది అలాంటిది ఒక్కటే, అంటే రెండిట్లో ఒకటి దండగది. ఒకటి రాళ్ళ మీద పెరిగే పాచి గురించి. ఇంకోటి పాత రేవుపట్నాల్లో సుంకాల గురించి. పాచి చూడగానే అతను నవ్వుకున్నాడు. ఇంత పనికిమాలిన సరుకు లెక్కలోకి వచ్చేది కాదని తేల్చి, కళ్ళకి విశ్రాంతి ఇచ్చి, జేబులోంచి ప్రెట్జెల్స్ తీసి తిన్నాడు, తోచినవి నొక్కాడు. మిగిల్చుకున్న బలమంతా సుంకాల మీద పెట్టాడు. బయటికొచ్చి, నూట అరవై తగ్గదని జొనీస్‌తో అన్నాడు.

నూట నలభై ఎనిమిది వచ్చింది. పాచి లెక్కలోది. సుంకాలు దండగ.

ఎల్వుడ్ కొట్టుకి తిరిగొచ్చి ఒక కాగితం మీద "పాచి" అని రాసి "ఇంటి సామాను" సొరుగులో వేశాడు. ఆ సొరుగు తప్ప దానికి ఇంకో చోటు లేదు.

సెప్టెంబరు వచ్చింది. పరీక్ష పట్నం శివార్లలో ఒక దుకాణాల వరసలో, గోళ్ళకి రంగులేసే కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య. చేతిగడియారం, టోపీ, ప్రెట్జెల్స్ అన్నీ బయట బీరువాలో పెట్టించారు. మొదటి రెండు సెక్షన్లు వాదనల మీద. అవి ఎలా రాశాడో తర్వాత అతనికి గుర్తులేదు, అంటే సరిగానే రాశాడన్నమాట. మధ్యలో కాసేపు వదిలారు. మూడోది తెరిస్తే, చదివి జవాబు చెప్పేది. అందులో రెండో పేరా పాత పెన్సిల్వేనియా రంగుల పెట్టెల గురించి.

ఎల్వుడ్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ పెట్టెలు అతని చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్కలేదు. రాసినాయన చెప్పేదేమిటంటే, వడ్రంగులు నాసిరకం చెక్క కనపడకుండా దాచడానికే పెట్టెలకి పువ్వులూ పిట్టలూ వేసి రంగులద్దారట. అబద్ధం. మూత తీసి లోపల చూసినవాడెవడూ ఆ మాట అనడు. లోపల రంగుండదు, చెక్క పాలరాయిలా ఉంటుంది. కింద ప్రశ్న: రచయిత ప్రకారం వడ్రంగులు రంగులెందుకు వేశారు? నాసి చెక్కని దాచడానికని మొదటి జవాబు. అప్పటి జనానికి రంగులంటే ఇష్టం కాబట్టి అని మూడోది.

అతని వేలు మూడోదాని మీదికి వెళ్ళింది. నిజం అక్కడే ఉంది. తెర మూలన నిమిషాలు కరుగుతున్నాయి. వేలు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడింకో ఆలోచన వచ్చింది. ఇంత తప్పుడు రాత లెక్కలోకొచ్చే సెక్షన్లో పెడతారా? ఇది ఖాయంగా దండగది. నాలుగోది కూడా చదివేదే వస్తే ఇది దండగదని తేలినట్టే. కళ్ళు మూసుకుని కాస్త బలం దాచుకుంటే మంచిది. ఇంత నమ్మకంగా అతనికి పాచి విషయంలో కూడా అనిపించింది.

ఆ మాట గుర్తొచ్చి వీపు నిటారు చేశాడు. రచయిత ప్రకారం. రాసినాయన ఏ పెట్టే తెరిచి చూడకపోయినా సరే, ఆయన ప్రకారం. కొనేవాడు అడిగింది గడియారమైతే గడియారమే ఇవ్వాలి, అంతకన్నా మంచి కుర్చీ ఉందని వాదించకూడదు. మొదటి జవాబు నొక్కాడు. నొక్కుతుంటే, కళ్ళముందే మంచి వస్తువుని ఎవడో తన్నుతున్నట్టనిపించింది. ఆ సెక్షనంతా అలాగే, లెక్కలో ఉన్నట్టే రాశాడు. నాలుగోది తెరిస్తే అదీ చదివేదే, తేనెటీగల గురించి. దాన్నీ అలాగే రాశాడు. రెండిట్లో ఏది దండగో అప్పుడు తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

ఫలితాలకి మూడు వారాల టైముంది. ఈలోగా బ్రూబేకర్ వాళ్ళ ఇంట్లో వేలంపాట పడింది. ఎల్వుడ్ ఎండాకాలమంతా పాటలకి పోలేదు. కొట్లో సరుకు పలచబడింది. పొద్దున్నే వెళ్ళి, వాకిట్లో వరసగా పెట్టిన పెట్టెల ముందు నిలబడ్డాడు. పక్కన హార్లన్ జూక్ నిలబడ్డాడు. హార్లన్‌ది అదే రోడ్డు మీద, వంతెన అవతల కొట్టు. ఇద్దరూ ఒకే పెట్టెల మీద కొట్టుకుంటూ కలిసి ముసలివాళ్ళవుతున్నారు.

"ఏం లాయరూ, ఇంకా మాలాంటివాళ్ళతో నిలబడతావా?" అన్నాడు హార్లన్.

"నిలబడటానికి ఫీజు తీసుకోవడం ఇంకా మొదలెట్టలేదురా."

ఒక పెట్టెలో పైన సీసా మూతలు, ఒక జల్లెడ, తాడు చుట్ట. పాట పెట్టేవాడు దాన్ని పైకెత్తి చూపించాడు. ఎత్తడానికి కొంచెం కష్టపడ్డాడు. ఎల్వుడ్ చూశాడు. పెట్టె బరువుగా ఉంది. దీన్ని బట్టి ఏది తప్పక నిజం? పెట్టె బరువుగా ఉందన్నది నిజం. అడుగున మంచి వస్తువుందనడానికి ఇక్కడ ఆధారమేదీ లేదు. ఇంకా సీసా మూతలే ఉండొచ్చు. ఇటుకలుండొచ్చు. అతని చెయ్యి జేబులోనే ఉండిపోయింది. హార్లన్ ఒకసారి అతని వైపు చూసి, నమ్మలేక ఇంకోసారి చూసి, మీద పాట పాడేవాడు లేకుండా మొదటి పాటకే ఆ పెట్టె పట్టుకుపోయాడు.

మూతల కింద, పాత దుప్పటి ముక్కలో చుట్టి, ఎర్రమట్టి పళ్ళెం ఒకటుంది. మధ్యలో పిట్ట బొమ్మ, అంచున కుమ్మరి పేరూ సంవత్సరమూ. అలాంటిది ఆ ప్రాంతంలో బయటపడి చాలా కాలమైంది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఒరేయ్, నీకు కళ్ళు పోయాయా అని వెర్నా అడిగింది. కళ్ళు బాగానే ఉన్నాయనీ, ఉన్నంత వరకే చూస్తున్నాయనీ ఎల్వుడ్ చెప్పాడు. అయితే ఆ పరీక్ష తప్పితే మాత్రం నువ్వు రెండు విధాలా మునిగావురా అంది. అది అతనికీ తోచింది.

ఫలితాలు వచ్చిన పొద్దున చర్చి ముందు ఫ్లోరిడా బస్సు ఆగి ఉంది. ఎల్వుడ్ అక్క పెట్టెలు ఎక్కించాడు. ఆడవాళ్ళందరూ ఎక్కారు. వెర్నా మెట్టు మీద నిలబడి చేతిసంచీలో తాళంచెవుల కోసం వెతుకుతుంటే అతని ఫోను మోగింది. తెరిచి చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఎంతరా?"

"నూట యాభై ఏడు."

"నీక్కావలసింది?"

"నూట యాభై ఐదు."

"అయితే రెండు దండగ చేశావు" అంది వెర్నా, తాళంచెవులు అతని చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, డ్రైవరు హారన్ కొట్టేదాకా వదల్లేదు.

జొనీస్‌కి అదే పరీక్షలో నూట అరవై నాలుగు వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆమె కోరుకున్న కాలేజీయే దొరికింది. అక్కడ ఆమె తీసుకున్న గది చిన్నదట, బల్ల పట్టదట. అదే ట్రక్కులో ఎల్వుడే వెళ్ళి బల్ల వెనక్కి తెచ్చుకున్నాడు. పైన కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక పడింది. విలువ తగ్గిందని అతను అన్నాడు. చదువుకున్న బల్ల అని చెప్పి ఎక్కువకి అమ్మమని ఆమె అంది.

పట్నం కాలేజీ నుంచి సీటు ఖాయమని ఫోను నవంబరులో వచ్చింది. ఆ సాయంత్రం అతను వంతెన దాటి హార్లన్ కొట్టుకి వెళ్ళాడు. పళ్ళెం కౌంటరు మీద నిలబెట్టి ఉంది, అమ్మకానికి కాదు, ఎల్వుడ్ చూడటానికి. బాగుందని అతను ఒప్పుకున్నాడు. దాన్ని తిప్పి చూడాలని అతనికి తోచలేదు. హార్లనే తిప్పి, వెనక జుట్టంత సన్నని బీట చూపించాడు.

"ఇదివరకైతే ముందు ఇదే చూసేవాడివి. నిజంగానే పోయిందిరా నీకు ఆ కన్ను" అన్నాడు. పళ్ళెం మళ్ళీ నిలబెట్టి గొంతు తగ్గించాడు. "నేను పోయాక ఇది ఎవరికిచ్చేదీ కాగితం మీద పెట్టాలనుంది. రాసి పెడతావా?"

"ఇప్పుడే కాదు, నాలుగేళ్ళుంది. ఎవరికి?"

"ఎవరు నన్ను బాగా చూసుకుంటే వాళ్ళకి."

"పేరు చెప్పు" అన్నాడు ఎల్వుడ్.

హార్లన్ పళ్ళెం వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. కొంచెం టైమివ్వమన్నాడు. నాలుగేళ్ళని చెప్పాను కదా అన్నాడు ఎల్వుడ్.

తిరిగొచ్చి, కొట్లో ఒక్కడే కూర్చుని లెక్క చూసుకున్నాడు. అక్క వెళ్ళిపోయింది. తరగతులు మొదలయ్యాక మంగళవారం, గురువారం సాయంత్రాలు కొట్టు మూసి ఉంటుంది. పెట్టె అడుగుని చూసే కన్ను పోయింది, అది తిరిగొచ్చే సరుకు కాదు, దానితో పాటు పళ్ళెమూ పోయింది. వచ్చినవాటిలో మరక పడ్డ బల్ల ఒకటి. "ఇంటి సామాను" సొరుగు ఇప్పుడు సాఫీగా మూసుకుంటోంది, బీరువా మాత్రం ఇంకా ఎవరూ కొనలేదు. అవన్నీ తీసేస్తే మిగిలింది ఒక సీటు. ల్యాండిస్ ముసలావిడ గడియారం ఆరు కొట్టింది. లాభమే అని తేల్చుకుని, లేచి తలుపు వేశాడు.